పురిటి గది గడప దగ్గర

నువ్వుల నూనెలో అల్లం వేగుతున్న వాసన కింది అంతస్తు నుంచి మెట్లెక్కి మా వాటాలోకి వచ్చిన ఉదయం నేను చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాను. శనివారమైనా, గడప దాటే పని లేకపోయినా, నలిగిన చొక్కాతో కూర్చోవడం నాకు చేతకాదు. అది మా తాతగారి నుంచి వచ్చింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలడం ఇంట్లో ఎవరూ చూడలేదు. ఆస్తి అంతా పోయాక కూడా ఆయన వీపుకీ కుర్చీకీ మధ్య జానెడు ఎడం అలాగే ఉండేది. ఆ ఎడం ఒక్కటే మా తరానికి దక్కిన వాటా అని నేను అనుకుంటూ ఉంటాను. ఆ ఉదయం మాత్రం ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, గోడకి ఆనుకుని నిలబడిపోయాను. జర్మనీలో, ఈ ఎర్లాంగెన్‌లో ఇన్నేళ్ళుగా ఉంటున్నాను. ఈ మెట్ల మీద బేకరీ రొట్టె వాసన తెలుసు, తడిసిన సైకిళ్ళ వాసన తెలుసు. ఈ వాసన ఇక్కడిది కాదు. ఇది మా ఇంటి పురిటి గదిది.

కింద ఉండేది మెయ్ అనే చైనా అమ్మాయి. అమ్మాయి అంటున్నాను గానీ నలభైకి దగ్గర పడుతోంది. భర్త టోబియాస్ ఇక్కడివాడే. ఆరేళ్ళ కూతురు లీనా ఉండగా ఇప్పుడు మళ్ళీ కొడుకు పుట్టాడు. పురుడు పోయడానికి చైనా నుంచి పెద్దావిడ వచ్చింది. పొట్టి మనిషి, కత్తిరించిన నెరిసిన జుట్టు, నడకలో పాఠం చెప్పినవాళ్ళకుండే నిబ్బరం. ఆవిడ వచ్చిన మర్నాటి నుంచి ఆ వాటా కిటికీలు మూతపడ్డాయి. బాలింత చల్లనీళ్ళు ముట్టకూడదు, తల తడపకూడదు, చెవులకి గాలి తగలకూడదు. ఇవన్నీ మా ఆవిడ భారతి కిందికి వెళ్ళి చూసి వచ్చి, ఎంతో సంబరంగా చెప్పింది.

"ఇక్కడి మంత్రసాని, అదే హెబమ్మె, వచ్చి కిటికీలు తెరుస్తుంది, ఆ పెద్దావిడ వెనకాలే వెళ్ళి మూస్తుంది. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి రాదు. హెబమ్మె 'ఫ్రిషె లుఫ్ట్', మంచి గాలి రావాలి అంటుంది, ఈవిడ తువ్వాలు తెచ్చి మెయ్ తలకి చుడుతుంది. అచ్చం మీ దొడ్డమ్మగారే! ఆవిడే ఉంటే ఆ మంత్రసానమ్మకి కూడా చెవుల్లో దూది పెట్టి పంపేది."

"కాయం కలిపి ఇస్తున్నారా?" అన్నాను.

"కాయం కాదు, అల్లం, నువ్వుల నూనె, కోడి. మీరే వెళ్ళి చూడొచ్చుగా? పసివాణ్ణి చూడ్డానికి రమ్మని రెండుసార్లు పిలిచింది. మీ మొఖాసా దర్జా కింది అంతస్తుకి దిగదా ఏం?"

మేం మొఖాసాదారులం. జమీందారులం కాదు, ఆ తేడా తెలియనివాళ్ళకి నేను విడమరిచి చెప్పను. కృష్ణ కాలవ కింద మాగాణి, చుట్టూ ప్రహరీ, మధ్యలో పెద్ద లోగిలి. తాతగారు తెల్లవారుజామునే లేచి ఇత్తడి చెంబుతో వీధి అరుగు మీద పళ్ళు తోముకునేవారు. ఆ చప్పుడు విని పాలేళ్ళు పశువుల కొట్టం తెరిచేవారు. ఆ తర్వాత వంటింట్లో కాఫీ గింజలు వేపిన వాసన, ఆ వెనక మా దొడ్డమ్మ మడిచీర తడి వాసన. దొడ్డమ్మ మా పెదనాన్నగారి భార్య. ఆయన చిన్న వయసులోనే పోయారు. పిల్లలు లేరు. ఇంటి తాళాలు, ఊరగాయ జాడీలు, పురుళ్ళు, పథ్యాలు అన్నీ ఆవిడ చేతిలో ఉండేవి. మా అమ్మ చిన్న కోడలు, దొడ్డమ్మని అక్కయ్యా అని పిలిచేది. ఎప్పుడూ ఒక అడుగు వెనకే నిలబడేది, గొంతు కూడా ఒక మెట్టు కిందే ఉండేది. ఒక్క విషయంలో తప్ప. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి నేను ఇంట్లో లేకపోతే, వీధి చివరి దాకా వినపడేలా పిలిచేది. తాతగారు దగ్గేవారు. ఆవిడ ఆపేది కాదు.

పిల్లల్ని లెక్కపెట్టకూడదనేది మా ఇంటి నియమం. ఎవరైనా వచ్చి "ఎంతమంది మనవలండీ?" అంటే తాతగారు "ఉన్నారు" అనేవారు, అంతే. మా ఊరి ఆసుపత్రి గోడ మీద ఎర్ర త్రికోణం, కింద నలుగురు నవ్వుతున్న కుటుంబం బొమ్మ ఉండేది. నర్సమ్మ ఇంటింటికీ తిరిగేది. మా ఇంటికి వస్తే తాతగారు కుర్చీ వేయించి, మజ్జిగ ఇప్పించి, మాట మార్చి పంపేసేవారు. ఆయనకి అది తెల్లవాడి పన్ను లాంటిదే. ఎవడో వచ్చి మన తలలు లెక్కపెట్టడం. కానీ భూపరిమితి చట్టం వచ్చినప్పుడు ఆ లెక్క మేమే పెట్టుకోవలసి వచ్చింది. ఒక కుటుంబానికి ఇంత పొలం అని గీత గీశారు. కుటుంబమంటే ఎవరు, మైనర్లెవరు, ఏ తల ఏ ఇంటి కిందికి వస్తుంది అని రోజూ రాత్రి భోజనాల దగ్గర మాటలు. ఊరి వాళ్ళని తక్కువ కనమన్న ప్రభుత్వమే, మా ఇంట్లో మమ్మల్ని మేం విడదీసుకుని ఎక్కువ కుటుంబాలుగా లెక్కపెట్టుకునేలా చేసింది.

బందరు నుంచి వచ్చిన ప్లీడరు గారు ఉపాయం చెప్పారు. అన్నయ్యని కాకుండా, రెండో వాణ్ణి నన్ను, దొడ్డమ్మకి దత్తత ఇస్తే పెదనాన్నగారి వాటా వేరే కుటుంబంగా నిలబడుతుందని. "హోమం మాత్రం నిజంగా జరగాలండీ. ఇచ్చినట్టూ పుచ్చుకున్నట్టూ నలుగురూ చూడాలి. రేపు సాక్ష్యం కావలసి వస్తుంది," అన్నారాయన. మా వాళ్ళు ఏదైనా చేస్తే సగం చేయరు. పందిరి వేశారు. ఆవు పాలు, నెయ్యి, సమిధలు. అమ్మ అప్పటికి నిండు మనిషి, తమ్ముడు కడుపులో ఉన్నాడు. నాన్నగారి పక్కన పీట మీద కూర్చోలేక కూర్చుంది. నన్ను ఆవిడ ఒళ్ళోంచి తీసి దొడ్డమ్మ ఒళ్ళో పెట్టారు. అంతకుముందు ఎన్నిసార్లు ఆ ఒళ్ళో కూర్చున్నానో. ఆ రోజు మాత్రం దొడ్డమ్మ నన్ను రెండు చేతులా పొదివి పట్టుకుంది. నా నెత్తి వాసన చూసి, ఎవరూ అనమనకుండానే, "నా తండ్రీ" అంది. పందిట్లో ఉన్నవాళ్ళందరిలో ఆ తంతు నిజమని నమ్మింది ఆవిడ ఒక్కతే.

మర్నాటి నుంచి నాకు పాఠం మొదలైంది. నాన్నగారు ఇక బాబాయి. దొడ్డమ్మ ఇక అమ్మ. అమ్మ ఇక పిన్ని. ఆరేళ్ళవాణ్ణి, బడిలో ఎక్కాలు చెప్పినట్టే నాకు నేర్పారు. తప్పు పలికితే కొట్టలేదు. తాతగారు నా వైపు చూసేవారు, చాలు. ప్లీడరు గారు వచ్చినప్పుడల్లా బుగ్గ గిల్లి, "ఏరా, ఎవరి అబ్బాయివి?" అని అడిగి, సరిగ్గా చెబితే పిప్పరమెంటు ఇచ్చేవారు.

విచారణకి రెవెన్యూ వాళ్ళు వచ్చిన రోజున అమ్మ పురిటి గదిలో ఉంది. తమ్ముడు పుట్టి కొన్నాళ్ళే అయింది. పెరటి వైపు చీకటి గది, మంచం కింద కుంపటి, వాము పొగ, శొంఠి, వెల్లుల్లి, నువ్వుల నూనె. గడప అవతలికి వెళ్ళే వీలు మగవాళ్ళకి లేదు. వచ్చిన అధికారి మంచివాడే, నెమ్మదస్తుడు. చావట్లో కాఫీ తాగి, నన్ను పిలిచి, "బాబూ, నువ్వు ఇంట్లో అందరినీ ఏమని పిలుస్తావు? ఒకసారి పిలిచి చూపించు," అన్నాడు. పరీక్షలాగా కాదు, ఆటలాగా అన్నాడు. నేను దొడ్డమ్మని పిలిచాను. నాన్నగారిని పిలిచాను. ఆయన చుట్టూ చూసి, "ఇంకా ఎవరున్నారు?" అన్నాడు. తాతగారు పెరటి వైపు చెయ్యి చూపించారు. వెళ్ళి పురిటి గది గడప దగ్గర నిలబడ్డాను. లోపల చీకట్లో నూనె రాసిన ఆవిడ మొహం మెరుస్తూ కనపడింది. చెవుల చుట్టూ గుడ్డ కట్టి ఉంది. నన్ను చూడగానే చెయ్యి చాపింది. నా వెనక ఆ అధికారి చెప్పుల చప్పుడు ఆగింది. "పిన్నీ" అన్నాను.

ఆ చెయ్యి వెనక్కి వెళ్ళింది. గొంతు వచ్చింది, చుట్టాల పిల్లలతో మాట్లాడే మర్యాద గొంతు. "ఏం బాబూ, భోంచేశావా?"

ఇంత చేసినా దత్తత చెల్లలేదు. హోమం ఆలస్యంగా జరిగిందనీ, చట్టాన్ని తప్పించుకోవడానికి చేసిన ఏర్పాట్లు చెల్లవనీ తేల్చారు. పొలం పోయింది. తర్వాత ఒక్కొక్కటే మిగతావన్నీ పోయాయి. కబురు వచ్చిన రోజున తాతగారు గంజి పెట్టిన ఉత్తరీయం వేసుకుని సాయంత్రం దాకా అరుగు మీద కుర్చీలో కూర్చున్నారు, ఎప్పటిలాగే వాలకుండా. నాన్నగారు పెరట్లోకి వచ్చి నాతో, "ఇంక మామూలుగానే పిలవరా, ఆ గొడవ అయిపోయింది," అన్నారు. అప్పుడు దొడ్డమ్మ నా తలకి ఆముదం రాస్తోంది. నా మాడు మీద ఆవిడ వేళ్ళు ఆగిపోయాయి. వంటింటి గుమ్మంలో అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుని నిలబడి ఉంది. తర్వాత దొడ్డమ్మ వేళ్ళు మళ్ళీ కదిలాయి.

ఆ రోజు తర్వాత దొడ్డమ్మని ఆవిడ పోయేదాకా అమ్మా అనే పిలిచాను. అమ్మని ఏమనీ పిలవలేదు. పిన్నీ అనవలసిన పని తీరిపోయింది, అమ్మా అనే మాట ఇంట్లో ఖాళీగా లేదు. ఒక మనిషిని ఏమనీ పిలవకుండా ఏళ్ళ తరబడి మాట్లాడవచ్చు. పద్ధతి ఉంటుంది దానికి. ఎదురుగా వచ్చేదాకా ఆగాలి. లేదా తమ్ముడితో చెప్పించాలి. లేదా గిన్నె చప్పుడు చేయాలి. దీపాల వేళ వీధి చివరి దాకా వినపడే ఆ పిలుపు కూడా ఆగిపోయింది. దొడ్డమ్మ పిలిచేది, ఆవిడ గొంతు ప్రహరీ దాటేది కాదు. అందుకని నేనే వేళకి ఇంటికి రావడం నేర్చుకున్నాను.

భారతి పోరు పడలేక చివరికి కిందికి దిగాను. లీనా తలుపు తీసింది. పెద్దావిడ పొయ్యి దగ్గర వీపు తిప్పి నిలబడి ఉంది. మెయ్ సోఫాలో తలకి గుడ్డ చుట్టుకుని, బిడ్డని భుజాన వేసుకుని, ఫోనులో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది. తెర మీద ఒక పల్లెటూరి ముసలావిడ. మెయ్ మాటిమాటికీ "మా, మా" అంటోంది. ఫోను పెట్టేసి, పొయ్యి వైపు తిరిగి, "ఈమా" అని ఏదో అడిగింది. నాకు చైనా భాష రాదు. కానీ ఆ రెండు పిలుపుల మధ్య పొయ్యి దగ్గరి వీపు కదలకుండా ఉన్న తీరు నాకు వచ్చు.

లీనా జర్మన్‌లో పొయ్యి దగ్గరి అమ్మమ్మని, అంటే వాళ్ళ ఓమాని, చూపిస్తూ నాతో ఫిర్యాదు చేసింది. "హెర్ రావు, ఓమా మమా వాళ్ళ మమా. అయినా మమా ఆవిణ్ణి మమా అనదు. ఈమా అంటుంది. ఈమా అంటే ఆంటీ. తప్పు కదా?"

"లీనా, వెళ్ళి బొమ్మలు తీయి," అంది మెయ్. తర్వాత నా వైపు చూసి నవ్వబోయి మానేసింది. మేం ఇంగ్లీషులోనూ జర్మన్‌లోనూ కలిపి మాట్లాడుకున్నది ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. "మా దేశంలో అప్పుడు ఒక్కరే ఉండాలి, తెలుసుగా మీకు? అక్క ముందు పుట్టేసింది. ఈవిడ టౌన్లో పంతులమ్మ. రెండో బిడ్డ ఉందని తెలిస్తే ఉద్యోగం పోయేది. జబ్బు అని సెలవు పెట్టి, పల్లెలో తన చెల్లెలి ఇంటికి వెళ్ళి నన్ను కంది. నన్ను చెల్లెలి కూతురని రాయించింది. నాలుగు రోజులకే లేచి వెళ్ళి, పాలు చొక్కాకి అంటకుండా గుడ్డలు కుక్కుకుని, నల్లబల్ల ముందు నిలబడి పాఠం చెప్పింది. ఈ పురుళ్ళూ పథ్యాలూ ఏవీ ఆవిడకి జరగలేదు. ఇప్పుడు నాకు చేస్తోంది, చూడండి, కిటికీ కూడా తెరవనివ్వదు."

"ఫోనులో..."

"పెంచిన అమ్మ. నేను తన లెక్కలో ఉండబట్టి ఆవిడ ఇంకొకర్ని కనలేదు. ఇప్పుడు ఒంటరిగా ఉంది. మా ఊళ్ళో బడి మూసేసి అందులో ముసలివాళ్ళ ఇల్లు పెట్టారు, తెలుసా? పిల్లలే లేరు. నేను కూర్చున్న గదిలోనే ఇప్పుడు ఆవిడ మంచం. అక్కా బావా ఇద్దరే, అటూ ఇటూ నలుగురు ముసలివాళ్ళు వాళ్ళ మీద. అందుకని అక్క పిల్లలే వద్దంది. ఇప్పుడేమో సర్కారు కనండి, కనండి, బహుమానం ఇస్తామంటోంది. నేను పుట్టినందుకు దాక్కోవలసి వచ్చింది హెర్ రావు. వీడు అక్కడ పుట్టి ఉంటే దండ వేసేవాళ్ళు."

మన దగ్గరా అంతేనని చెప్పాను. ముగ్గురుంటే పంచాయతీకి నిలబడనివ్వని చోట ఇప్పుడు ముగ్గుర్ని కనమని పెద్దలు ఉపన్యాసాలు ఇస్తున్నారని చెప్పాను. మాకు ఒక్కతే కూతురు. గార్చింగ్‌లో రీసెర్చి చేస్తోంది, పిల్లలు వద్దంటుంది. ఆమెకి కనవద్దని ఎవరూ చెప్పలేదు. ఈ ఎర్లాంగెన్‌లోనూ ఎవరికీ ఎవరూ చెప్పలేదు. ముసలివాళ్ళ హోముల్లో అన్నం పెట్టడానికి డెగ్గెన్‌డార్ఫ్‌లో చదివే మన పిల్లలు శని ఆదివారాలు వస్తున్నారు. లెక్క పెట్టినవాళ్ళు చచ్చిపోయారు, చట్టాలు చెరిపేశారు. మాటలు మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

మెయ్ గొంతు తగ్గించింది. "వీసా అయిపోతోంది. ఈ శుక్రవారం వెళ్ళిపోతుంది. గుండె బాగాలేదు, మళ్ళీ విమానం ఎక్కనివ్వరు. వెళ్ళేలోపు ఒక్కసారి పిలవాలనుకుంటున్నాను. రోజూ పొద్దున్నే లేచి అనుకుంటాను. నోరు రాదు. మా అని పల్లెలో ఆవిడ ఉంది కదా, ఆవిడకి అన్యాయం చేసినట్టు ఉంటుంది."

మా ఇంటి సంగతులు బయటివాళ్ళకి చెప్పే అలవాటు నాకు లేదు. అయినా ఆ రోజు చెప్పాను, పందిరి నుంచి గడప దాకా. కాఫీ చల్లారిపోయింది. పెద్దావిడ వచ్చి, ఏమీ అర్థం కాకపోయినా, నా కప్పు తీసుకెళ్ళి వేడి చేసి తెచ్చింది.

"మీరు ఎప్పుడైనా పిలిచారా?" అంది మెయ్.

"ఒక్కసారి."

"ఏమన్నారావిడ?"

నేను లేచి, బిడ్డకి ఆయుష్మాన్‌భవ అని, పైకి వచ్చేశాను.

శుక్రవారం పెట్టె మోయడానికి స్టేషను దాకా వెళ్ళాను. టోబియాస్ ఆవిణ్ణి ఫ్రాంక్‌ఫర్ట్ దాకా దింపుతాడు. ప్లాట్‌ఫారం మీద ఎండగా ఉంది. సైకిళ్ళతో కుర్రాళ్ళు, యూనివర్సిటీ పిల్లలు. పెద్దావిడ బిడ్డ పాదం పట్టుకుని నిలబడింది, మేజోడు లాగి సరిచేస్తూ. రైలు వస్తోందని ప్రకటన వచ్చింది. లీనా బెంచీ మీది నుంచి జారి, మోకాలు గీసుకుని, "మమా!" అని అరిచింది. మెయ్ తిరిగింది. పెద్దావిడ కూడా తిరిగింది, మెయ్ కన్నా ముందే. తర్వాత తనని కాదని తెలిసి, సంచీ జిప్పు తెరిచి ఏదో వెతుకుతున్నట్టు వంగింది. మెయ్ అది చూసింది. బిడ్డని నా చేతుల్లో పెట్టి, ఆవిడ దగ్గరికి వెళ్ళి, రైలు చప్పుడులో నాకు వినపడేంత గట్టిగా, "మా" అంది.

ఏడుస్తుందనుకున్నాను, కావలించుకుంటుందనుకున్నాను. ఆవిడ గబుక్కున వెనక్కి తిరిగి చూసింది. కుడి వైపు, ఎడమ వైపు. ఎవరైనా విన్నారేమోనని. ఆ ప్లాట్‌ఫారం మీద ఆ భాష తెలిసినవాళ్ళు వాళ్ళింటివాళ్ళే. అయినా మెయ్ నోటి మీద చెయ్యి వేసింది. రైలెక్కమని టోబియాస్ పిలిచేదాకా ఆ చెయ్యి తీయలేదు.

మా అమ్మ పోయినప్పుడు అన్నయ్యా తమ్ముడూ కర్మ చేశారు. చట్టం చెల్లదన్న దత్తత, అగ్ని ముందు జరిగింది కాబట్టి చెల్లుతుందన్నాడు పురోహితుడు. నన్ను జ్ఞాతుల వరసలో నిలబెట్టారు. నిలబడ్డాను, నిటారుగా. అంతకు రెండు రోజుల ముందు విజయవాడ ఆసుపత్రిలో మధ్యాహ్నం పూట ఆవిడ పక్కన నేనొక్కణ్ణే ఉన్నాను. "అమ్మా" అన్నాను. ఆవిడ కళ్ళు తెరిచింది. దొడ్డమ్మ పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. అమ్మ నా చెయ్యి పట్టుకుని, తలుపు వైపు చూసి, వేలు పెదవుల మీద పెట్టుకుంది.

"మెల్లగా నాన్నా," అంది. "అక్కయ్య వింటుంది."